మొటిమ పోయినా మిగిలే గుంటలు: ఏ చికిత్స, ఎప్పుడు సాయం?



మన సొసైటీ వైద్య సహాయ ఉపసంఘానికి వచ్చే దరఖాస్తులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. డయాలసిస్, గుండెకు స్టెంటు, కాన్పు ఖర్చు, కంటి శుక్లం, ప్రమాదంలో విరిగిన కాలు. రెండేళ్ల కిందట వీటి మధ్య ఒక దరఖాస్తు వేరుగా కనిపించింది. రాసింది ఇరవై ఏళ్ల అమ్మాయి. మొటిమల వల్ల ముఖం మీద పడిన లోతైన గుంటలకు లేజర్ చికిత్స చేయించుకోవడానికి సాయం కోరింది. ఆరు విడతల ప్యాకేజీ అంటూ ఒక ప్రైవేటు క్లినిక్ రాసిచ్చిన కాగితం జతపరిచింది. తండ్రిది పంక్చర్ షాపు. ఆ కాగితంలోని మొత్తం ఆయన నాలుగు నెలల సంపాదన కంటే ఎక్కువ.

ఉపసంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏళ్ల తరబడి సొంత డబ్బు పెట్టి సేవ చేసిన మనిషి. ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, "టీచరమ్మా, కిడ్నీ రోగులకే డబ్బు చాలడం లేదు. ముఖానికి మెరుగులు దిద్దడానికి ఎక్కడి నుంచి తెస్తాం?" అన్నారు. ఆయన మాటను తప్పు పట్టలేం. దాతలు ఇచ్చిన ప్రతి రూపాయికీ రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసినవాళ్లం.

అయితే ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్ల. తొమ్మిదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చునేది. పదో తరగతి సగానికి వచ్చేసరికి చివరి బెంచీకి వెళ్లిపోయింది. గ్రూపు ఫోటో తీసిన రోజు బడికే రాలేదు. ఇంటర్ రెండో ఏడాదిలో బజారులో కనిపించింది, నిఖాబ్‌లో ఉంది. నేను సంతోషించి మెచ్చుకుంటే తల దించుకుని, "దీన్ కోసం వేసుకోలేదు టీచర్, ముఖం కోసం వేసుకున్నాను" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాలుగేళ్లు ఆ ముఖాన్ని రోజూ చూసిన టీచర్లం, "వయసు మొటిమలు, పెళ్లీడుకు వాటంతట అవే పోతాయిలే" అని ఊరుకున్నాం. మొటిమలు పోలేదు సరికదా, గుంటలు మిగిల్చాయి.

ఆ దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే ముందు విషయం తెలుసుకుందామని చర్మవైద్యులను అడిగాను, దొరికినంత చదివాను. నేను డాక్టరును కాను. తెలుసుకున్నది పాఠంలా విడమరిచి చెప్పడమే నా పని. మందు, మోతాదు, చికిత్స నిర్ణయించాల్సింది మాత్రం వైద్యులే.

మచ్చ వేరు, గుంట వేరు

మొటిమ మానాక చర్మం మీద మిగిలే గుర్తులన్నీ ఒకటి కావు. నల్లగానో ఎర్రగానో కనిపిస్తూ, వేలితో తడిమితే నున్నగా తగిలేది రంగు మచ్చ. మన చాయ చర్మంలో ఇది చాలా మామూలు. ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో చాలావరకు వెలిసిపోతుంది. దీనికి లేజర్ల మీద వేలకు వేలు పోయాల్సిన పని సాధారణంగా ఉండదు.

వేలికి పల్లంగా తగిలేది గుంట. చర్మం లోపలి పొరలో ఉండాల్సిన పదార్థం తగ్గిపోవడం వల్ల పడుతుంది. అది క్రీములతో పూడదు. కొందరికి, ముఖ్యంగా దవడ అంచున, ఛాతీ మీద, భుజాల మీద గుంటకు బదులు గట్టిగా ఉబ్బిన కాయలా వస్తుంది. పుండు హద్దు దాటి పెరిగితే దాన్ని కెలాయిడ్ అంటారు. గుంట, కెలాయిడ్ రెండూ మొటిమ వల్లే వచ్చినా చికిత్సలు పూర్తిగా వేరు.

గుంట ఎంత తీవ్రమైనదో తెలుసుకోవడానికి వైద్యులు వాడే ఒక సులువైన కొలమానం ఉంది. గుడ్‌మన్, బారన్ అనే ఇద్దరు వైద్యులు 2006లో ప్రచురించినది. అందులో నాలుగు మెట్లు. మొదటిది రంగు మాత్రమే మారినది. రెండోది అర మీటరు దూరం నుంచి చూస్తే కనబడనిది. మూడోది ఆ దూరం నుంచి కూడా కనబడుతుంది గానీ చర్మాన్ని వేళ్లతో అటూ ఇటూ లాగితే చదును అవుతుంది. నాలుగోది లాగినా చదును కాదు. మన అమ్మాయివి మూడు, నాలుగు మెట్లలో ఉన్నాయని తరువాత తెలిసింది.

గుంట ఎలా పడుతుంది?

ప్రతి వెంట్రుక కుదురు దగ్గరా ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల అది ఎక్కువ నూనె ఊరిస్తుంది. రాలిన చర్మకణాలతో దాని దారి మూసుకుపోతుంది. లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాపు వస్తుంది. వాపు పైపైన ఉంటే మొటిమ వచ్చి పోతుంది. ఆ గ్రంథి గోడ లోపలే పగిలి వాపు కింది పొరకు దిగితే, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే పీచు కరిగిపోతుంది. శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది గానీ పోయినంత పీచు తిరిగి నింపలేకపోతే అక్కడ పల్లం మిగులుతుంది. అవసరానికి మించి నింపితే ఉబ్బు వస్తుంది.

ఇందులో దాతలుగా మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది. వాపు ఎంత తీవ్రంగా ఉంటే, ఎంత ఎక్కువ కాలం ఉంటే, గుంట పడే అవకాశం అంత ఎక్కువ. చికిత్స ఆలస్యమైన ప్రతి నెలా కొత్త గుంటలు పడుతూ ఉండవచ్చు. మొటిమలు గిల్లడం, నొక్కడం దీన్ని మరింత పెంచుతాయి.

ముఖం మీద మూడు రకాలు

లోతైన గుంటలను వైద్యులు ఆకారాన్ని బట్టి మూడు రకాలుగా చెబుతారు.

మొదటి రకం దబ్బనంతో పొడిచినట్టు ఉంటుంది. పైన నోరు రెండు మిల్లీమీటర్ల లోపే, లోపలికి మాత్రం లోతుగా సన్నగా దిగుతుంది. బుగ్గల మీద ఎక్కువ.

రెండో రకం ఆటలమ్మ పోసి మానిన గుంటలా ఉంటుంది. నోరు వెడల్పు, అంచులు నిలువుగా దిగి ఉంటాయి, అడుగు చదును.

మూడో రకం అలల్లా ఉంటుంది. అంచు ఎక్కడ మొదలైందో చెప్పలేం. పక్క నుంచి వెలుతురు పడితే బుగ్గ ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన నూర్‌బాషా సోదరులు దూది పరుపు కుట్టడం గుర్తు చేసుకోండి. పరుపు మీద అక్కడక్కడ దారంతో కిందికి బిగించి ముడి వేస్తారు. ముడి ఉన్నచోట పల్లం పడుతుంది. పై గుడ్డను ఎంత ఇస్త్రీ చేసినా ఆ పల్లం పోదు. దారం తెగితేనే దూది పైకి లేస్తుంది. మూడో రకం గుంట కింద కూడా ఇలాగే గట్టి పీచు తాళ్లు చర్మాన్ని లోపలికి లాగి పట్టుకుని ఉంటాయి.

చాలామందికి ఒకే ముఖం మీద ఈ మూడూ ఉంటాయి. అందుకే ఒకే యంత్రంతో అన్నీ పోతాయని ఎవరైనా చెబితే అనుమానించాలి.

ముందు మొటిమలు ఆగాలి

మన అమ్మాయిని డబ్బు ఇచ్చే ముందు ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పంపాం. అక్కడి డాక్టరు గారు చూసి మొదట చెప్పిన మాట: "ఇంకా కొత్త మొటిమలు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు లేజర్ చేస్తే ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు తవ్వినట్టు అవుతుంది." ప్యాకేజీ రాసిచ్చిన క్లినిక్‌లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మొటిమలు ఆపడానికి మంచి మందులు ఉన్నాయి. మామూలు మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట రాసే అడాపలీన్ వంటి లేపనాలు. ఇవి పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదట్లో చర్మం పొడిబారి మండుతుంది కాబట్టి చాలామంది పిల్లలు రెండు వారాలకే మానేస్తారు. ఆ సంగతి ముందే చెప్పి ధైర్యం చెప్పాలి. మరికొంచెం తీవ్రమైతే కొన్ని నెలలకు మించకుండా యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు.

లోపల గడ్డలు కట్టి నొప్పి పెట్టే మొటిమలకు, గుంటలు పడుతున్న మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర ఉంది. చాలా సమర్థమైన మందు, అంతే జాగ్రత్త అవసరమైన మందు. గర్భిణి వాడితే శిశువుకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. పెళ్లి నిశ్చయమైన అమ్మాయిలు, కొత్తగా పెళ్లయినవారు సిగ్గుపడకుండా డాక్టరుకు ఆ మాట చెప్పాలి. మధ్యమధ్యలో కాలేయం, రక్తంలో కొవ్వు పరీక్షలు చేయిస్తారు. పెదవులు బాగా ఎండుతాయి. ఈ మాత్ర కొవ్వు ఉన్న ఆహారంతో బాగా ఒంటబడుతుంది కాబట్టి రంజాన్‌లో ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్ తర్వాత భోజనంతో వేసుకోవచ్చునేమో డాక్టరును అడిగి సమయం మార్చుకోవాలి.

మొటిమలతో పాటు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్న ఆడపిల్లలను హార్మోన్ల సమస్యకు కూడా చూపించాలి. తల్లులు ఈ రెండింటినీ విడివిడి సమస్యలుగా చూసి, రెండోదాన్ని దాచేస్తున్నారు.

ఏ గుంటకు ఏ చికిత్స?

మొటిమలు అదుపులోకి వచ్చి, కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక గుంటల పని మొదలవుతుంది.

దబ్బనపు గుంటలకు ఆమ్లం చుక్క. ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని ఎక్కువ గాఢతలో, సన్నని పుల్ల మొనతో గుంట అడుగున మాత్రమే తాకిస్తారు. చుట్టూ చర్మానికి తగలనివ్వరు. క్షణాల్లో అక్కడ తెల్లబడుతుంది, తర్వాత పక్కు కట్టి వారం రోజులకు అటూ ఇటూగా రాలిపోతుంది. గుంట గోడల్లో కొత్త కొలాజెన్ పుట్టి నెమ్మదిగా పూడుతుంది. నెలకొకసారి చొప్పున కొన్ని విడతలు పడుతుంది. ఖరీదైన యంత్రం అక్కరలేదు, నైపుణ్యం కావాలి. ఇదే ఆమ్లాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో పూసుకుంటే ముఖం కాలి కొత్త గుంటలు పడతాయి.

మరీ లోతైన వాటికి పంచ్ పద్ధతి. గుంట సైజుకు సరిపోయే గుండ్రని చిన్న కత్తితో దాన్ని మొత్తంగా తీసేసి ఒక కుట్టు వేస్తారు. అడుగు బాగానే ఉన్న వెడల్పు గుంట అయితే తీసేయకుండా అడుగును పైకి లేపి చర్మంతో సమం చేస్తారు. స్థానికంగా మత్తు ఇచ్చి చేసే చిన్న శస్త్రచికిత్స ఇది.

అలల గుంటలకు సబ్‌సిషన్. పరుపు దారం తెంపడం అన్నానే, అదే. మత్తు ఇచ్చి చర్మం కిందికి సూది పంపి, లాగిపట్టిన పీచు తాళ్లను కోస్తారు. 1995లో అమెరికాలో ఓరెన్‌ట్రైక్ అనే ఇంటిపేరు గల వైద్యులు ఈ పద్ధతికి ఈ పేరు పెట్టి వివరించారు. చేశాక కొన్ని రోజులు బుగ్గ కమిలి వాస్తుంది. ఆ సంగతి ముందే తెలియకపోతే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఒకటికి మించి విడతలు అవసరం కావచ్చు.

మొత్తం చర్మానికి మైక్రోనీడ్లింగ్. సన్నని సూదులతో చర్మానికి లెక్కలేనన్ని చిన్న గాట్లు పెడితే, మానే క్రమంలో కొత్త కొలాజెన్ పుడుతుంది. నెలకు ఒకటి చొప్పున నాలుగైదు విడతలు చేస్తారు. పై పొర చాలావరకు చెడదు కాబట్టి మన చాయ చర్మం నల్లబడే ప్రమాదం తక్కువ. కొందరు వైద్యులు రోగి రక్తం నుంచే తీసిన ప్లాస్మాను దీనికి జోడిస్తారు. సూదుల మొనల నుంచి లోపలికి వేడి పంపే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాలు కూడా వచ్చాయి, వాటికి ఖర్చు ఎక్కువ. బజారులో దొరికే సూదుల రోలరును ఇంట్లో వాడటం, అక్కాచెల్లెళ్లు ఒకదాన్నే పంచుకోవడం అంటురోగాలను కొనితెచ్చుకోవడమే.

ఫ్రాక్షనల్ లేజర్. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం చర్మంలోని నీటిని వేడెక్కించి సన్నని రంధ్రాలు చేస్తుంది. రంధ్రాల మధ్య ఆరోగ్యంగా మిగిలిన చర్మం గాయాన్ని త్వరగా మాన్పుతుంది. నిలువు అంచుల గుంటలకు, మొత్తం చర్మం నునుపు తేలడానికి మంచి సాధనం. దబ్బనపు గుంట అడుగు దాకా సాధారణంగా చేరదు. అలల గుంట కింది తాళ్లను తెంపదు. కాబట్టి లేజర్ చివర్లో మెరుగు పెట్టే పనికి బాగుంటుంది, మొదటి పనికి చాలదు.

ఫిల్లర్లు అంటే పల్లం కింద హైలురోనిక్ ఆమ్లం వంటి జెల్ నింపడం. వెంటనే ఫలితం కనిపిస్తుంది గానీ ఒంట్లో నెమ్మదిగా కరిగిపోతుంది, మళ్లీ నింపించుకోవాలి. సహాయ నిధికి తగిన చికిత్స కాదని నా అభిప్రాయం.

ఉబ్బిన కెలాయిడ్‌కు దారి వేరు. అందులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలకొకసారి ఇస్తారు, సిలికాన్ జెల్ వాడమంటారు. కోసి తీసేస్తే చాలనుకుంటే అది అంతకంటే పెద్దదిగా తిరిగి రావచ్చు. కెలాయిడ్ వచ్చే శరీరతత్వం ఉన్నవారు పై చికిత్సలు ఏవి చేయించుకోవాలన్నా ఆ మాట ముందే చెప్పాలి. ఐసోట్రెటినాయిన్ వాడుతున్నామనీ, ఈమధ్యే ఆపామనీ కూడా చెప్పాలి. ఏ పద్ధతి వెంటనే చేయవచ్చో, దేనికి ఆగాలో వైద్యులు నిర్ణయిస్తారు.

ఎంత తగ్గుతుంది? పూర్తిగా పోతుందని నిజాయితీ గల డాక్టరు ఎవరూ చెప్పరు. లోతు తగ్గుతుంది, అంచులు మెత్తబడతాయి, మామూలు దూరం నుంచి చూపు అక్కడ ఆగదు. కొలాజెన్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి చివరి విడత అయ్యాక కూడా కొన్ని నెలలు ఆగి ఫలితం చూడాలి.

మన చర్మం, మన ఎండ, మన వుజూ

మన చర్మంలో రంగు పదార్థం ఎక్కువ. లేజరు, ఆమ్లం, ఏదైనా సరే, కాస్త ఎక్కువైతే నల్లబడుతుంది. చాలావరకు నెలల్లో తగ్గుతుంది గానీ అప్పటిదాకా పిల్లలు కుంగిపోతారు. తెల్లవారికి పెట్టే మోతాదు మనకు పెట్టకూడదు. చికిత్సకు ముందూ తర్వాతా సన్‌స్క్రీన్ తప్పదు. గొడుగు, దుపట్టా కూడా సాయపడతాయి. మన మే నెల ఎండల్లో కాకుండా చలికాలంలో మొదలుపెట్టడం వీలైతే మంచిది.

ఇంకో ప్రశ్న మనవాళ్లే అడుగుతారు: చికిత్స అయ్యాక ముఖం తడపవద్దంటే వుజూ ఎలా? గాయానికి నీరు హాని చేసే పరిస్థితిలో షరియత్ సడలింపులు ఇచ్చింది. ఎన్ని రోజులు తడపకూడదో డాక్టరును అడగండి, ఆ రోజుల్లో ఏం చేయాలో మీ ఆలిమ్ గారిని అడగండి. ఇద్దరినీ చికిత్సకు ముందే అడిగితే నమాజు తప్పదు, గాయమూ చెడదు.

మోసపోకుండా

చికిత్స కోసం వెళ్లేవారు, వారికి డబ్బు ఇచ్చే మనం కూడా ఈ ప్రశ్నలు అడగాలి. చూసే వ్యక్తి ఎం.డి. డి.వి.ఎల్., డి.డి.వి.ఎల్. లేదా డి.ఎన్.బి. చదివిన చర్మవైద్యులేనా? కొత్త మొటిమలు ఆగాయా? నావి ఏ రకం గుంటలు, ఏ రకానికి ఏ చికిత్స? మొత్తం ఎన్ని విడతలు, ఒక్కో విడతకు ఎంత? ఎంతవరకు తగ్గవచ్చు? నల్లబడితే ఏం చేస్తారు? మొత్తం ప్యాకేజీ ముందే కట్టమంటే కట్టకండి, విడతకు విడత కట్టండి.

హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, గుంటూరు, కర్నూలు సర్వజన ఆసుపత్రులు బోధనాసుపత్రులు. వీటిలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. మొదటి చీటీ అక్కడే రాయించుకుంటే తర్వాత ఎక్కడ చేయించుకున్నా ఏది అవసరమో తెలిసి ఉంటుంది. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. సౌందర్య చికిత్సల కింద లెక్కగట్టి బీమా పాలసీలు సాధారణంగా వీటిని మినహాయిస్తాయి.

మరో మోసం మనమే చేసుకుంటున్నది. తెల్లబడటానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారంలో ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు గుంపులుగా లేస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా పెళ్లిళ్ల సీజన్ వస్తే ఆ ట్యూబులు మన ఇళ్లలో కనిపిస్తూనే ఉన్నాయి. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా పూతలు కూడా చర్మాన్ని కాల్చేవే.

ఇది సోకా, అవసరమా?

పెద్దాయన అడిగిన ప్రశ్నకు తిరిగి వస్తాను. ఆ ప్రశ్నను మేం ఆలిమ్ గారి ముందు పెట్టాం. ఆయన అర్ఫజా బిన్ అస్అద్ (రజి) గారి సంగతి గుర్తు చేశారు. అజ్ఞాన కాలంలో కులాబ్ అనే చోట జరిగిన యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన పట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమై ఉండగా కూడా ఆ అనుమతి దొరికింది. అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని అందం కోసం మార్చుకోవడం వేరు, గాయం వల్లనో రోగం వల్లనో వచ్చిన లోపాన్ని సరిచేసుకోవడం వేరు అని ఉలమాలు దీని ఆధారంగా వివరిస్తారు. మొటిమ ఒక వ్యాధి, గుంట దాని గాయం.

జకాత్ పైకం వాడేటప్పుడు అర్హత, పద్ధతి గురించి ఉలమాలను అడిగే నడవాలి. సదఖా, లిల్లాహ్ నిధులకు అంత చిక్కు లేదు. ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందు వరస ఇవ్వాలన్నదీ నిజమే. అందులో ఉపసంఘంలో ఎవరికీ రెండో మాట లేదు.

మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి?

ఆ అమ్మాయికి ఆరు నెలలకు పైగా మాత్రలు, తర్వాత రెండుసార్లు సబ్‌సిషన్, నాలుగు విడతల ఆమ్లం చుక్కలు, నాలుగు విడతల మైక్రోనీడ్లింగ్ అయ్యాయి. లేజర్ అవసరం ఇప్పటిదాకా పడలేదు. మన సొసైటీకి అయిన ఖర్చు మొదటి ప్యాకేజీ కాగితంలోని మొత్తంలో సగం కూడా కాలేదు. దానికి ఆమె రెండేళ్లు వెచ్చించింది. గుంటలు పూర్తిగా పోలేదు. కుడి బుగ్గ మీద కొన్ని ఇంకా తెలుస్తాయి.

నాకు బాధ కలిగించే లెక్క ఇంకొకటి. ఆమె పదో తరగతిలో ఉండగా నొప్పి గడ్డలు మొదలైన నెలలోనే చర్మవైద్యుడికి చూపించి ఉంటే, కొన్ని వందల రూపాయల లేపనాలు, ఆ తర్వాత అవసరమైతే మాత్రలు సరిపోయి ఉండేవేమో. ఈ గుంటల్లో చాలావరకు పడి ఉండేవి కావు. గుంట పడ్డాక వేలు పెట్టినా కొంతే తిరిగి వస్తుంది.

అందుకే దాతలకు నా మనవి మూడు మాటల్లో. ఒకటి, మనం ఏటా పెట్టే వైద్య శిబిరంలో కంటి డాక్టరు, షుగర్ డాక్టరు పక్కన ఒక చర్మవైద్యుడికి కూడా బల్ల వేయిద్దాం. రెండు, పేద పిల్లలకు మొదటి ఆరు నెలల మొటిమల మందులకు ఒక చిన్న నిధి విడిగా ఉంచుదాం. మూడు, ఇప్పటికే లోతైన గుంటలతో చదువు, ఉద్యోగం మానుకుంటున్న వారికి ప్రభుత్వ ఆసుపత్రి చీటీ చూసి విడతలవారీగా సాయం చేద్దాం.

టీచర్లు, మదరసా ఉస్తాదులు, తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి కొన్నే. మొటిమలు గడ్డలుగా నొప్పి పెడుతున్నా, ఛాతీకి, వీపుకు పాకినా, ఒక్క గుంట పడినా, రెండు మూడు నెలలు మామూలు మందు వాడినా తగ్గకపోయినా ఆగకండి. అబ్బా ముఖం మీదో, అన్నయ్య ముఖం మీదో గుంటలు ఉంటే ఇంకా ముందే చూపించండి. మగపిల్లలకు సిగ్గు ఎక్కువ, వాళ్లు చెప్పరు. మనమే చూడాలి.

ఈ మధ్య ఒక సాయంత్రం ఆ పెద్దాయన తన మనవడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పదిహేనేళ్లవాడు, దవడ నిండా ఎర్రని గడ్డలు. "టీచరమ్మా, ఆ డాక్టరు గారు ఏ రోజుల్లో ఉంటారు?" అని అడిగారు. చీటీ మీద రాసిచ్చాను. గుంట ఒక్కటీ పడకముందే వచ్చారు, అల్‌హమ్దులిల్లాహ్.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక స్కూల్లో చిన్న పిల్లలకు చదువు చెబుతోంది. నిఖాబ్ ఇప్పటికీ వేసుకుంటుంది. మొన్న కలిసినప్పుడు తనే నవ్వుతూ, "ఇప్పుడు దీన్ కోసమే టీచర్" అంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మీ పిల్లలకు ఆరోగ్యాన్ని, నిబ్బరాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.